చేప వెలిసిపోయిందండీ అని ఫోనొస్తే

నన్ను గోదావరి జిల్లాల్లో చాలామంది చేపల డాక్టరమ్మ గారంటారు. నేను డాక్టర్ని కాను. జువాలజీ చదివి, కొన్నేళ్ళు చేపల చెరువుల ల్యాబులో పనిచేసి, ఆ తర్వాత రాజమండ్రిలో ఒక మేడ కింద గది అద్దెకి తీసుకుని అక్వేరియం చేపల జబ్బులు చూసిన మనిషిని. మొదట్లో అలా పిలిచిన ప్రతివాళ్ళనీ సరిదిద్దేదాన్ని. ఒకాయన "పోన్లెండి మేడమ్, ఆ సంగతి మా చేపకి తెలీదు కదండీ" అన్నారు. ఆ రోజుతో మానేశాను.

ఇప్పుడు ఆ గది ఖాళీ చేసేశాను. మైక్రోస్కోపు మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. చుట్టాలొచ్చి కుట్టుమిషనా అని అడుగుతున్నారు. ఈ మధ్య ఫిషరీస్ చదువుకున్న పిల్లలు కొందరు వచ్చి, "మేమూ ఈ లైన్లోకే వద్దామనుకుంటున్నాం మేడమ్, ఏమైనా చెప్పండి" అన్నారు. జబ్బుల పేర్లూ, మందుల మోతాదులూ మీకు నాకంటే బాగా వచ్చు. అవి పుస్తకాల్లో ఉన్నాయి, అక్కడే చదువుకోండి. ఫోను మోగిన దగ్గర్నుంచి చేప దగ్గరికి చేరేలోపు ఏం జరుగుతుందో అది నేను చెప్తాను. ఈ పనిలో ముప్పాతిక వంతు అదే.

ముందు అనుమానితుల పేర్లు వస్తాయి

"చేప వెలిసిపోయిందండీ." ఎక్కువ ఫోన్లు ఇలాగే మొదలవుతాయి. బట్టల షాపుకి చీర తిరిగి పట్టుకొచ్చినవాళ్ళ గొంతు ఉంటుంది చూడండి, అచ్చం అదే గొంతు. ఆ వెంటనే అనుమానితుల పేర్లు చెప్తారు. అమ్మిన షాపువాడు, నిన్న వచ్చి "ఎంత బావుందో" అని వెళ్ళిన ఎదురింటావిడ, గది తుడిచే పనమ్మాయి. అన్నీ ఓపిగ్గా విని "నీళ్ళు ఎప్పుడు మార్చారండి?" అంటే మాత్రం ఫోను కట్టయిందేమో అనిపించేంత నిశ్శబ్దం.

ఒకింట్లో నల్ల గోల్డ్‌ఫిష్ మెల్లమెల్లగా బంగారు రంగుకి తిరిగింది. షాపువాడు రంగేసి అమ్మాడని ఇంటాయన గొడవకి తయారయ్యారు. ఈ నల్లరకం కొన్నింటికి వయసొచ్చేకొద్దీ నలుపు పోతుందండీ, అది వాటి స్వభావం, జబ్బు కాదు అని చెప్పాను. "వయసొస్తే మాత్రం నలుపెందుకు పోవాలండీ?" అని నిలదీశారు. అడిగినాయన జుట్టు మాత్రం ఆ వయసులో కూడా నల్లగా నిగనిగలాడుతోంది. వాళ్ళావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఇది. రంగు తగ్గిన చేప వేరు, జబ్బు చేసిన చేప వేరు. ఒంటి మీద బొంబాయిరవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు కనిపిస్తే, రెక్కలు ముడుచుకుని మూల నక్కితే, పైకొచ్చి నోరు తెరుస్తూ ఊపిరికి తిప్పలు పడుతుంటే, మేత వేస్తే మొహం తిప్పుకుంటే అది జబ్బు. ఆలస్యం చెయ్యకండి. ఆబగా తింటూ, అద్దం మీద వేలు పెడితే యుద్ధానికొస్తూ, ఒట్టి రంగొక్కటే తగ్గితే కాసేపు చేపని వదిలేసి దాని చుట్టూ ఏం మారిందో చూడండి.

ఎకరం లెక్క

మన డెల్టాలో ఈ పని చెయ్యడంలో ఉన్న ప్రత్యేకమైన కష్టం ఏమిటంటే, ఇక్కడ చేపల గురించి తెలియనివాళ్ళు లేరు. హైదరాబాదులో అక్వేరియం కొన్నవాళ్ళు భయపడుతూ పెంచుతారు. మనవాళ్ళకి భయమెందుకు? మేనమామకి చెరువులు, బావకి మేత వ్యాపారం.

ఆకివీడు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. బొచ్చె, శీలావతి చేపలు చెరువుల్లో పెంచి చెయ్యి తిరిగిన రైతు. మనవరాలి గోల్డ్‌ఫిష్‌లని నీళ్ళ కవర్లో పట్టుకొచ్చారు, పక్కన వాళ్ళావిడ. చేపలు పాలిపోయి, ఒళ్ళంతా జిగురు కమ్మి ఉన్నాయి.

"మేతేం వేస్తున్నారండి?"

"తవుడండి. చిన్న గుడ్డసంచీకి చిల్లులు పెట్టి, కర్రకి కట్టి వేలాడదీశానండి."

చెరువుల్లో అలాగే కడతారు. బస్తాలకి చిల్లులు పెట్టి వరసగా కర్రలకి కడితే చేపలొచ్చి పొడుచుకు తింటాయి. ఆయన గాజుపెట్టెలో అడ్డంగా పుల్ల పెట్టి, అదే పద్ధతిలో, ఎంతో శ్రద్ధగా కట్టారు. నీళ్ళు పులిసిపోయాయి.

"పులిసిన వాసన నాకూ వచ్చిందండి. అందుకే చెరువుకి కొట్టినట్టే సున్నం కొట్టాను."

"ఎంత వేశారండీ?"

"ఎకరానికి వేసే లెక్కలోనే వేశానండి."

"మీ గాజుపెట్టె ఎన్నెకరాలుంటుందండీ?"

ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డారు. వాళ్ళావిడ అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వు ఆపుకోలేక కవరు కింద పడేయబోయింది. చేపలు బతికాయి, నీళ్ళు మార్చడం తప్ప నేను చేసిందేమీ లేదు. ఆయన్ని నేను వేళాకోళం చేస్తున్నాను గానీ, తప్పు చెయ్యడానికి కూడా అంత శ్రద్ధ ఉన్న మనిషి దగ్గర చేప త్వరగానే కోలుకుంటుంది. బద్ధకస్తుడి ఇంట్లో చేపని బతికించడం నా వల్ల కాలేదు.

మూర్తి గారి ఉప్పు సీసా

నాకు పని నేర్పింది చెరువుల ల్యాబులో మా పెద్దాయన మూర్తి గారు. చెంచాడు మెచ్చుకోలు కూడా ఖర్చు పెట్టని మనిషి. రైతు చేపని బల్ల మీద పెట్టగానే మేం మైక్రోస్కోపు దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. ఆయన మాత్రం టీ తెప్పించి, రైతుతో ఊళ్ళో కబుర్లు మొదలెట్టేవారు. ఎండాకాలమైతే "కాలవలు కట్టేశారా?" అనేవారు. కాలవలకి నీళ్ళు కట్టేస్తే అందరూ బోరు నీళ్ళకి మళ్ళుతారు. చెరువులోనైనా గాజుపెట్టెలోనైనా నీళ్ళు మారితే చేప మొహం మారుతుంది. మేం గంటసేపు కళ్ళు పోయేలా చూసి కనిపెట్టలేనిది, టీ చల్లారేలోపు ఆయన కబుర్లలోంచి తీసేవారు. ఈ మధ్య ఏం మారింది అన్న ప్రశ్న ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆయనలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. చేపకి ఏమీ లేకపోయినా, వచ్చినవాళ్ళు పెద్దమనుషులైతే ఉప్పునీళ్ళు సీసాలో పోసి, మందని ఇచ్చేవారు. "ఖాళీ చేతుల్తో పంపితే నమ్మరమ్మా" అనేవారు. నమ్మరు, నిజమే. కానీ సీసా ఇచ్చాక చేప బాగుపడితే సీసాని నమ్ముతారు. మళ్ళీ అదే మేత, అదే నీళ్ళు, అదే తప్పు. మన మాట పోతుందని భయపడి అబద్ధపు మందు చేతిలో పెట్టకండి. ఇంత గట్టిగా చెప్తున్నాను కదా, నేను కూడా ఒకసారి ఆ దారి చివరిదాకా వెళ్ళాను. ఆ కథే మిగతాదంతా.

చిట్టిబాబు

పని మానేసే ముందు ఏడాది, జ్యేష్ఠమాసం చివర్లో, మండపేట నుంచి సూర్రావు గారని ఒక రైసుమిల్లు యజమాని ఫోన్ చేశారు.

"మా చిట్టిబాబు వెలిసిపోయాడండి."

చిట్టిబాబంటే ఫ్లవర్‌హార్న్ చేప. ఎర్రటి ఒళ్ళు, నుదుటి మీద ఇంత బొప్పి, ప్రపంచమంతా తనకి బాకీ ఉన్నట్టు చూపు. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని మనవాళ్ళు దాన్ని ఏరికోరి తెచ్చుకుంటారు. సూర్రావు గారింట్లో అది అడుగుపెట్టాక మిల్లు బాగా నడిచిందట. మిల్లు నడిపింది ఆయనా, ఆయన కొడుకూ, ఎండనకా వాననకా ధాన్యం దింపిన కూలీలూనూ. పేరు మాత్రం చిట్టిబాబుది.

ధాన్యం లారీల వెనకా, ఊక ట్రాక్టర్ల వెనకా నా కారు పాక్కుంటూ వాళ్ళింటికి చేరింది. సూర్రావు గారి భార్య మంగతాయారు గారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. ఆవిడ నన్ను చేప దగ్గరికి తీసుకెళ్ళలేదు. ముందు సోఫాలో కూర్చోబెట్టి, గొంతు తగ్గించారు.

"మాఘంలో అబ్బాయి పెళ్ళి చేశామండి. అమ్మాయిది రావులపాలెం, వాళ్ళది అరటిగెలల వ్యాపారం. మంచి కుటుంబమేనండి, కాదనను. కానీ ఆ పిల్ల కాలుపెట్టిన నెలకే చిట్టిబాబు రంగు దిగడం మొదలెట్టాడండి. ఆ తర్వాత మిల్లులో మోటారు కాలిపోయింది. ఆ తర్వాత పంపిన బియ్యం బాగోలేదని లారీ వెనక్కొచ్చింది."

"మోటారు పాతదే" అని సూర్రావు గారు పేపరు వెనకనుంచి అన్నారు.

"మీరూరుకోండి."

పేపరు మళ్ళీ పైకి లేచింది.

చిట్టిబాబు దగ్గరికి వెళ్ళాను. నిజంగానే ఎరుపంతా దిగి, సుద్దముక్కలా ఉన్నాడు. కానీ నేను అద్దం మీద వేలు పెట్టగానే బొప్పి ముందుకి తోసుకుంటూ కొరకడానికొచ్చాడు. మేత వేస్తే నీళ్ళు పైకి ఎగజిమ్మి మరీ మింగాడు. చుక్కల్లేవు, జిగురు లేదు. రెక్కలు విసనకర్రల్లా విప్పుకుని ఉన్నాయి. నీళ్ళు పరీక్ష చేశాను, నిక్షేపంలా ఉన్నాయి. మేత ముందునుంచీ వేసేదే. బోరూ పాతదే.

"ఈ పెట్టె ముందునుంచీ ఇక్కడే ఉందాండీ?"

ఉంది అంటారనుకున్నాను. "అబ్బే, పాత హాల్లో ఉండేదండి" అన్నారు మంగతాయారు గారు. పెళ్ళికని ఇల్లంతా బాగుచేయించారు. పాత హాల్లో చిట్టిబాబు వెనక చెక్కబీరువా ఉండేది, కిటికీలోంచి వచ్చే వెలుతురు తప్ప వేరే దీపం లేదు. కొత్త హాల్లో గోడకి పాలలాంటి తెల్ల టైల్సు, పెట్టె అడుగున తెల్ల గులకరాళ్ళు, పైన పొద్దున్నుంచి పడుకునేదాకా వెలిగే ఎల్‌ఈడీ లైట్ల వరస. కోడలు కాలుపెట్టిన మాట నిజమే. ఆ కోడలి కోసమే టైల్సు కూడా కాలుపెట్టాయి.

చేపలు చాలావాటికి చుట్టూ ఉన్న రంగుని బట్టి ఒంటి రంగు మార్చుకునే గుణం ఉంది. తెల్లటి చోట ఎర్రగా కనబడితే ఏ కొంగో ఎగరేసుకుపోతుందని వాటి ఒళ్ళు అనుకుంటుంది. మండపేట హాల్లోకి కొంగ రాదని ఆ ఒంటికి ఎవరు చెప్తారు? వెనక నల్లకాగితం అంటించి, రాళ్ళు మార్చి, లైట్లు తగ్గిస్తే రెండు మూడు వారాల్లో మళ్ళీ ఎర్రబడుతుంది. ఇదే మాట చెప్పాను.

మంగతాయారు గారు నన్ను జాలిగా చూశారు. "గోడ తెల్లగా ఉంటే చేప తెల్లబడుతుందాండీ? అయితే ఈ టైల్సు పక్కన నేనూ నాలుగు నెలల్నుంచి కూర్చుంటున్నాను. నేనేమైనా తెల్లబడ్డానా?"

సూర్రావు గారి పేపరు కదిలింది. నవ్వుకి కాబోలు.

"మీరు చెప్పినట్టే చేద్దాం లెండి. కాగితమే కదా, ఇవాళే అంటించెయ్యండి" అన్నారావిడ. నల్లకాగితం చుట్ట నా కార్లోనే ఉంది. చేతులు కడుక్కుని తీసుకొస్తానని పెరట్లోకి వెళ్ళాను.

పెరట్లో

కుళాయి దగ్గర తువ్వాలు పట్టుకుని కోడలు నిలబడి ఉంది. పేరు హారిక. అప్పటిదాకా ఆ ఇంట్లో ఆ అమ్మాయి ఉన్నట్టే నాకు తెలియలేదు, అంత చప్పుడు లేకుండా ఉంది.

"కాగితం అంటిస్తే ఎన్నాళ్ళకి ఎర్రబడుతుందండీ?" అంది.

"రెండు మూడు వారాలమ్మా."

"నేను వచ్చేవారం ఆషాఢానికి మా ఇంటికి వెళ్తున్నానండి."

"మంచిదమ్మా, వెళ్ళు" అన్నాను. నాకింకా అర్థం కాలేదు. ఆషాఢంలో కొత్తకోడలూ అత్తగారూ ఒక గడప దాటకూడదని పుట్టింటికి పంపడం మామూలే కదా.

హారిక తువ్వాలు మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది. "నేను వెళ్ళాక అది ఎర్రబడుతుందండి. నేను వెళ్ళడం వల్లే ఎర్రబడిందంటారు. శ్రావణంలో నన్ను తీసుకురావాలా, కొన్నాళ్ళు అక్కడే ఉంచాలా అన్నది చేపని చూసి ఆలోచిద్దాం అని అత్తయ్య గారు మా ఆయనతో అంటుంటే విన్నానండి."

"మీ ఆయనేమన్నాడు?"

"ఆయన మంచివారేనండి. వాళ్ళమ్మ గారి ముందు నోరు పెగలదంతే."

నేను కుళాయి కట్టడం మర్చిపోయాను. ఇన్నేళ్ళలో నా మందు పనిచెయ్యదేమోనని భయపడ్డాను గానీ, పనిచేస్తుందేమోనని భయపడటం అదే మొదలు. చేపకి ఏ జబ్బూ లేదు. ఈ అమ్మాయికీ ఏ దోషమూ లేదు. నేను సరైన వైద్యం సరిగ్గా చేస్తే ఒక కాపురం కూలుతుంది.

"మీ వైద్యం నేనొచ్చేదాకా ఆపుతారాండీ?" అంది హారిక. "నేను లేనప్పుడు కూడా అది తెల్లగానే ఉండాలి. వచ్చాక, నేనింట్లో ఉండగా ఎర్రబడాలి. అప్పుడు గోడదో, నాదో వాళ్ళకే తెలుస్తుంది. మా నాన్న అరటికాయ మందుకి పండిందో, దానంతటదే పండిందో తేల్చాలంటే ఒకే గెలలో సగానికి కొట్టించి, సగం వదిలేస్తారండి."

పరిశోధన గురించి నేను విన్న పాఠాలన్నింటిలోకీ ఇదే పొట్టిది. జాలితో కాదు, గౌరవంతో ఒప్పుకున్నాను. కానీ హాల్లో ఉన్నావిడకి ఏం చెప్పాలి? ఉన్నమాట చెప్తే, ఈ పిల్ల పెరట్లో నాతో మంతనాలాడిందని ఇంకో నేరం చేరుతుంది.

లోపలికొచ్చి కూర్చుని, మంగతాయారు గారి మొహం చూశాను. నా నోట్లోంచి ఈ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు.

"కాగితం కార్లోనే ఉంది గానీ, ఆలోచిస్తున్నానండి. వారంలో ఆషాఢం వస్తోంది. ఆషాఢం మొహాన కొత్త మార్పులెందుకు? శ్రావణం రానివ్వండి, శుభమా అని మొదలెడదాం."

"ఆయ్, నేనూ అదే అనుకుంటున్నానండి!" అన్నారావిడ.

నా జీవితంలో ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యని చికిత్స అదొక్కటే. మూర్తి గారు చూసుంటే, "నా ఉప్పు సీసాని అన్నేసి మాటలన్నావే" అని పొట్ట పట్టుకుని నవ్వేవారు. నిజమే. నేను చెప్పింది అబద్ధం కాకపోవచ్చు, అసలు కారణం మాత్రం కాదు. ఇప్పటికీ దానికి నేను సిగ్గుపడను. చేపకి నష్టం లేదు, మనిషికి లాభం ఉంది.

ఆషాఢం

హారిక రావులపాలెం వెళ్ళింది. నాకు మనశ్శాంతి పోయింది. చేప ఏమైనా స్టాంపు కాగితం మీద సంతకం పెట్టిందా, తెల్లగానే ఉంటానని? సూర్రావు గారిని అప్పుడప్పుడూ ఫోన్ చెయ్యమన్నాను. "తెల్లగానే ఉన్నాడండి" అన్నప్పుడల్లా ఎదుటివాళ్ళ చేప బాగుపడనందుకు సంతోషించిన డాక్టరు నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఒకరోజు పొద్దున్నే ఫోను. "డాక్టరమ్మ గారూ, ఇవాళ కాస్త ఎర్రదనం తిరిగినట్టుందండి! మా ఆవిడ అప్పుడే దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టేసింది."

ఆ పిల్ల మొహమే కళ్ళముందు. తర్వాత మూర్తి గారి ప్రశ్న గుర్తొచ్చింది.

"నిన్నటికీ ఇవాళ్టికీ ఇంట్లో ఏం మారిందండీ?"

"ఏం లేదండి. గాలివానకి ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. నిన్నట్నుంచి కరెంటు లేదు."

"చిట్టిబాబుకి గాలి పంపు?"

"అది ఇన్వర్టరు మీద ఉందండి. లైట్లకే లేదు. హాలంతా మబ్బుగా ఉంది."

"కరెంటొచ్చి లైట్లు వెలిగాక, ఒకట్రెండు రోజులాగి మళ్ళీ చూసి చెప్పండి."

కరెంటొచ్చింది. లైట్లు వెలిగాయి. రెండ్రోజులకి సూర్రావు గారి ఫోనూ వచ్చింది. ఈసారి ఆయన గొంతు వేరుగా ఉంది. "మళ్ళీ తెల్లబడ్డాడండి." మిల్లులో మర ఎక్కడ పట్టేసిందో చప్పుడు బట్టి పట్టుకునే మనిషాయన. "అయితే ఇది దీపానికీ గోడకీ సంబంధించిన యవ్వారమేనంటారా?"

"మీరేమంటారండీ?"

"నేనూ అదే అంటానండి. కానీ మా ఇంట్లో నేనంటే సరిపోదు కదండీ" అన్నారు.

శ్రావణం

శ్రావణం రాగానే హారికని తీసుకొచ్చారు. తీసుకురావడానికి పెద్ద ఆలోచనేమీ జరగలేదు. కోడలు లేని నెలంతా, కరెంటు పోయినప్పుడు తప్ప, చేప తెల్లగానే ఉంటే ఇంక ఏమని ఆలోచిస్తారు? మిల్లులో ఒక బెల్టు కూడా తెగిందట ఆ నెలలో. దానికి ఎవరిని అనాలో తెలీక మంగతాయారు గారు కొంచెం ఇబ్బంది పడ్డారని సూర్రావు గారు చెప్పారు.

ఒక మంచిరోజు చూసుకుని నేను నల్లకాగితం, గోదావరి ఒడ్డున ఏరించిన ముదురు రంగు రాళ్ళు పట్టుకెళ్ళాను. సూర్రావు గారు తనే పైన లైట్లు సగం తీయించేశారు. కాగితం కొలిచి కత్తిరించి, హారిక చేతికిచ్చాను. ఆ అమ్మాయే అంటిస్తే బావుంటుందని నా ఆశ. పేరు పోయిన చేత్తోనే పేరొస్తుంది కదా అనుకున్నాను.

హారిక తీసుకోలేదు.

"అత్తయ్య గారూ, ఇది మీరే అంటించాలండి."

"నేనెందుకే? నీ చేత్తో అంటించు. నీ చెయ్యి మంచిదని నలుగురూ అనుకుంటారు" అన్నారు మంగతాయారు గారు. ఆవిడ మంచి మనసుతోనే అన్నారు, ఆ మాట ఆవిడ మొహం చూసి చెప్తున్నాను.

"వద్దండి. నేనంటించాక రంగొస్తే నా వల్ల వచ్చిందంటారు. రేపు మళ్ళీ పోతే, అది కూడా నా వల్లే అవుతుంది. నాకా మంచిపేరూ వద్దు, ఆ చెడ్డపేరూ వద్దండి."

నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. వైద్యం చేసి పేరు తెచ్చుకోవాలని ఇన్నేళ్ళు తాపత్రయపడ్డ నాకు, ఆ పేరు ఎంత ప్రమాదమో అంత సూటిగా ఎవరూ చెప్పలేదు. మంగతాయారు గారు ఒక్క క్షణం కోడలి మొహం చూసి, కాగితం అందుకుని, చీరకుచ్చిళ్ళు ఎగదోపి, స్టూలెక్కారు. సూర్రావు గారు స్టూలు పట్టుకున్నారు. "వంకరొచ్చింది" అన్నారు. "మీరూరుకోండి" అన్నారావిడ. చిట్టిబాబు లోపల్నుంచి ఆవిడ వేళ్ళ మీదికి దూకుతూనే ఉన్నాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఇక్కడ ఒక్క మాట. చేప బాగయ్యాక మనం కనిపెట్టింది మనమే ఆ ఇంట్లో గట్టిగా చెప్పాలని ఉబలాటంగా ఉంటుంది. ఆగండి. వాళ్ళ చేత్తో చేసి, వాళ్ళ కళ్ళతో చూసి, వాళ్ళ నోటితో అనేదాకా ఆగండి. నాకు ఆగడం చేతకాదు. ఆ మూడు వారాలూ ఫోను పక్కనే కూర్చున్నాను.

ఫోను మంగతాయారు గారి దగ్గర్నుంచే వచ్చింది. ఆవిడ ఫోన్ చెయ్యడం అదే మొదలు.

"చిట్టిబాబు ఎర్రబడ్డాడండి. ముందుకన్నా బావున్నాడు."

"సంతోషమండి."

"అమ్మాయి ఇంట్లోనే ఉందండి. ఒక్కరోజు కూడా ఎక్కడికీ వెళ్ళలేదు. కాగితం నేనే అంటించాను, మీరు చూశారు కదా."

"చూశానండి."

"అంటే గోడేనన్నమాట."

"గోడేనండి."

"మరి ఆ పిల్లని అన్నాళ్ళూ ఎందుకన్నానండీ?"

"అది నన్ను కాదండీ అడగాల్సింది" అన్నాను, వీలైనంత మెత్తగా.

"అవునండి" అన్నారు. ఫోను కట్ చెయ్యడం మర్చిపోయినట్టున్నారు. ఆవిడ అడుగుల చప్పుడు, ఏదో తలుపు తెరిచిన చప్పుడు, "హారికా, ఇలా వచ్చి నా పక్కన కూర్చోమ్మా" అన్న పిలుపు వినిపించాయి. ఆ తర్వాతది నేను వినకూడనిదని ఫోను నేనే పెట్టేశాను.